సంతకం పెట్టని కాగితం: ఒక పరువునష్టం కేసు ఫైలు

ఈ కేసును క్లయింటు అనుమతితో రాస్తున్నాను. ఊరు, కంపెనీ, స్కూలు, పోలీసు స్టేషను ఏవో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. సెక్షన్లు, జరిగిన వరస మాత్రం ఉన్నవి ఉన్నట్టే. జిల్లా కోర్టులో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పరువునష్టం వ్యవహారాలు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. వాటిలో చాలావరకు కోర్టు మెట్టు ఎక్కవు. నోటీసుకో, ఫోనుకో, పెద్దమనుషుల పంచాయితీకో జడిసి మాట్లాడినవాళ్లు ముందే వెనక్కి తగ్గుతారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన జూనియర్ల కోసం, నోటీసు అందుకుని నిద్ర పట్టక కూర్చున్నవాళ్ల కోసం ఈ ఫైలును మొదటి కాగితం నుంచి విప్పి చెబుతున్నాను.

వచ్చిన సాయంత్రం

2025 మే చివరి వారం. ఆఫీసు మూసే వేళకు నలభై దాటిన ఒకావిడ, ఆవిడ భర్త, బావగారు వచ్చారు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. ముందు బావగారే మాట్లాడారు. "పెద్ద విషయం కాదు సార్. రేపు పొద్దున స్టేషన్‌లో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మీరు ఒకసారి చూసి సరే అంటే పెట్టేస్తుంది." భర్త తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఫోను నా ముందు పెట్టారు. అందులో ఆ కాగితం ఫొటో ఉంది.

"నేను సరైన అవగాహన లేకుండా, ఇతరుల ప్రోద్బలంతో, సదరు కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా తప్పుడు వీడియో పెట్టినందుకు బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను. ఇకమీదట ఈ విషయంపై ఎక్కడా, ఏ రూపంలోనూ మాట్లాడనని హామీ ఇస్తున్నాను." కింద తేదీకి జాగా, సంతకానికి జాగా, ఇద్దరు సాక్షులకు రెండు గీతలు. ఆ సాక్షుల్లో ఒకరు బావగారే.

"ఇతరుల ప్రోద్బలంతో" అన్న మాట దగ్గర ఆగాను. "ఎవరు చెప్పి చేయించారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు సార్. నీళ్లు నేనే పట్టాను. పరీక్షకూ నేనే పంపాను," అన్నారు. లోపలికి వచ్చాక ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

విషయం ఇది. ఆవిడ ఉండే కాలనీకి కిలోమీటరు లోపే ఒక రసాయనాల పరిశ్రమ ఉంది. ఏడాదిన్నరగా బోరు నీళ్లు రంగు మారాయి, వాసన వస్తున్నాయి. ఆవిడ నీళ్లను ఒక ల్యాబ్‌కు పంపారు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,340 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇది 500 ఉండాలి. వేరే నీటి వనరు లేనిచోట 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. అంటే ఆ నీళ్లు రెండు గీతలూ దాటాయి. ఆవిడ గ్లాసులో నీళ్లు, చేతిలో రిపోర్టు పట్టుకుని రెండు నిమిషాల వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఇరుగుపొరుగు ఆరుగురు అందులో తమ ఇళ్ల సంగతి చెప్పారు.

నాలుగో రోజు ఎవరో ఫోను చేసి "ఎందుకమ్మా ఇవన్నీ, పిల్లలున్న ఇల్లు" అన్నారు. వారానికి లాయరు నోటీసు వచ్చింది: ఏడు రోజుల్లో వీడియో తీసేయాలి, క్షమాపణ చెప్పాలి, లేదంటే 5 కోట్ల రూపాయల పరిహారం. పదో రోజు స్టేషను నుంచి భర్తకు ఫోను. "మేడంగారిని ఒకసారి తీసుకురండి, సార్ మాట్లాడతారట. కేసేమీ లేదు, మాట్లాడుకుంటే అయిపోతుంది." వెళ్లారు. రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. ఎవరూ గద్దించలేదు, కాఫీ కూడా ఇచ్చారు. బయల్దేరే ముందు టైపు చేసిన కాగితం చేతికిచ్చి "ఇంట్లో మాట్లాడుకుని రేపు రండి" అన్నారు.

అందరూ మర్యాదగానే ఉన్నారు. ఇలాంటి కేసులు తీసుకునే వకీలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. బెదిరింపు బూతులతో వస్తే జనం ఎదురు తిరుగుతారు. నచ్చజెప్పే గొంతుతో, సొంత మనుషుల నోటి వెంట వస్తే ఎదురు తిరగడానికి ఎవరూ కనబడరు. బావగారు చెడ్డవాడు కాదు. మరదలి మీద కేసు పడకూడదని ఆయన తాపత్రయం.

మొదటి రాత్రి చేసిన పని

సంతకం పెట్టవద్దన్నాను. ఆ పూట ఇచ్చిన సలహా అదొక్కటే. రేపు స్టేషనుకు వెళ్లే పని లేదు, నేను ఉత్తరం పంపిస్తాను అని చెప్పాను. బావగారు "కేసు పెడితే?" అన్నారు. "ఏ కేసు?" అని అడిగి, స్టేషన్లో చూపించిన ఫిర్యాదు గుర్తు చేసుకోమన్నాను. భర్త ఫోనులో దాని మొదటి పేజీ కూడా ఉంది. అందులో మూడు సెక్షన్లు రాసి ఉన్నాయి: భారతీయ న్యాయ సంహితలో 356, 353, సమాచార సాంకేతిక చట్టంలో 66ఎ.

66ఎ చూసి నాకు కడుపు మండింది. ఆ సెక్షను బతికి లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం దాన్ని పూర్తిగా కొట్టేసింది. "చిరాకు", "అసౌకర్యం" లాంటి కొలత లేని మాటలతో ఏ మాటనైనా నేరం చేయవచ్చు కాబట్టి జనం భయపడి నిజం కూడా చెప్పడం మానేస్తారు అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన కారణం. ఆ తర్వాత కూడా పోలీసులు దాన్ని వాడుతూనే ఉన్నారని తేలి, ఎవరినీ ఆ సెక్షను కింద విచారించవద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. పదేళ్ల కిందట చనిపోయిన సెక్షను ఒక టీచరును స్టేషను బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చోబెట్టగలిగింది. కూర్చోబెట్టడానికి సెక్షను బతికి ఉండాల్సిన పని లేదు, అది బతికే ఉందని ఎదుటి మనిషి నమ్మితే చాలు.

356 పరువునష్టం. పాత ఐపీసీలోని 499 నుంచి 502 వరకు సెక్షన్లు కలిసి ఇలా అయ్యాయి. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాకుంటే సమాజ సేవ. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం. మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. పైగా బెయిలబుల్. నష్టపోయానన్నవాడు స్వయంగా మెజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేసుకోవాలి. అంటే ఈ సెక్షను మీద ఎస్సైకి పిలిపించి మాట్లాడే అధికారమే లేదు.

353 జనంలో భయాందోళన పుట్టించే తప్పుడు సమాచారానికి సంబంధించింది. మూడేళ్ల వరకు శిక్ష. దానికి ఒక మినహాయింపు ఉంది: చెప్పింది నిజమని నమ్మడానికి సహేతుకమైన ఆధారాలుండి, అలాంటి దురుద్దేశం లేకుండా, సద్బుద్ధితో చెబితే నేరం కాదు. ల్యాబ్ రిపోర్టు చేతిలో పట్టుకుని మాట్లాడిన మనిషికి ఇంతకంటే పెద్ద ఆధారం ఏముంటుంది? మరొకటి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి రెండు నెలలే. మాటకు సంబంధించిన ఆరోపణల్లో, శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపు ఉండే నేరాలైతే, ఎఫ్‌ఐఆర్‌కు ముందు నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం సబబని అందులో చెప్పారు. మాటల ప్రభావాన్ని స్థిరమైన, ధైర్యమున్న మనుషుల కొలతతో చూడాలని, అభద్రతతో ప్రతి విమర్శనూ దాడిగా చూసేవారి కొలతతో చూడకూడదనీ చెప్పారు.

ఆ రాత్రే స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను. నాలుగే ప్రశ్నలు. ఎఫ్‌ఐఆర్ ఉంటే నంబరు ఇవ్వండి. లేకుంటే జీడీ (స్టేషను జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు ఇవ్వండి. నా క్లయింటును నిందితురాలిగా పిలిచారా? అయితే సురక్షా సంహిత 35(3) కింద రాతపూర్వక నోటీసు ఏది? సాక్షిగా పిలిచారా? అయితే అదే సంహిత 179 ప్రకారం మహిళను ఆమె ఉండే చోట తప్ప మరోచోటికి రమ్మనకూడదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక ప్రతి జిల్లా ఎస్పీ కార్యాలయానికి పంపాను. జవాబు రాలేదు. ఫోన్లూ మళ్లీ రాలేదు.

జూనియర్లకు ఒక మాట. స్టేషనుకు క్లయింటుతో కలిసి వెళ్లి గట్టిగా మాట్లాడాలని చాలామందికి ఉబలాటం. మాటకు మాట అక్కడే గాలిలో కలిసిపోతుంది. రాతపూర్వకంగా అడిగిన ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబివ్వాల్సి వస్తుందన్న భయమే ఇలాంటి పిలుపులను ఆపుతుంది.

ఆ కాగితం గురించి

క్షమాపణ పత్రాల దగ్గర కాసేపు ఆగాలి. బయటి నుంచి చూస్తే అది రాజీ. కేసు లేకుండా పోతుంది, అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. కానీ ఆ కాగితంలో రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి, ఇకమీదట మాట్లాడనని మాట తీసుకోవడం. రెండోది, నమ్మనిదాన్ని నోటితో చెప్పించడం. "తప్పుడు వీడియో" అని ఆవిడ చేతే రాయిస్తున్నారు. రేపు ఆ నీళ్లు తాగి ఎవరైనా జబ్బుపడి కోర్టుకు వెళ్తే, కంపెనీ మొదట చూపించేది ఈ కాగితమే.

రాజ్యాంగం 19(1)(ఎ) మాట్లాడే హక్కుతో పాటు మాట్లాడకుండా ఉండే హక్కునూ కాపాడుతుంది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. స్కూలు నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అది. తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నమ్మని మాటను ఎవరి చేతా పలికించకూడదన్న ఆ సూత్రం స్టేషను బల్ల మీది క్షమాపణ పత్రానికి కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

మన పక్క రాష్ట్రంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో వచ్చిన తన నవల మీద గొడవ లేచాక, 2015 జనవరి 12న నామక్కల్ కలెక్టరేట్‌లో అధికారులు పెట్టిన "శాంతి సమావేశం"కు వెళ్లారు. బేషరతు క్షమాపణ, అమ్ముడుపోని ప్రతుల ఉపసంహరణ వంటి షరతులతో ఉన్న కాగితం మీద అక్కడ సంతకం పెట్టారు. తర్వాత రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడని తానే ఫేస్‌బుక్‌లో ప్రకటించుకున్నారు. 2016 జూలై 5న మద్రాసు హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ పుష్ప సత్యనారాయణ ధర్మాసనం ఆ ఒప్పందానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదని తేల్చింది. రచయిత తిరిగి లేచి తనకు బాగా వచ్చిన పని చేయాలి, రాయాలి అంటూ ఆ తీర్పు ముగుస్తుంది. సంతకానికీ తీర్పుకూ మధ్య ఏడాదిన్నర గడిచింది. పేరున్న రచయితకు, సంఘాలు వెంట నిలబడినా, అంత కాలం పట్టింది. మా టీచరు ఆ మర్నాడు సంతకం పెట్టి ఉంటే దాన్ని వెనక్కి తిప్పడానికి ఎవరు వచ్చేవారు?

నేనూ ఒక వాక్యం తీసేయమన్నాను

రెండో సమావేశం ఈ కేసులో అన్నిటికంటే కష్టమైంది. వీడియోలోని మాటలన్నీ తెల్ల కాగితం మీద రాయించాను. తర్వాత ఒక్కో వాక్యం పక్కన అది ఏ రకమో రాశాం. "మా బోరు నీళ్లు ఇలా ఉన్నాయి": కళ్లకు కనబడే వాస్తవం. "రిపోర్టులో 2,340 వచ్చింది": కాగితం మీది వాస్తవం. "ఆ కంపెనీ వచ్చాకే ఇలా అయింది": వరస గమనించి చేసిన ఊహ, దానికి ఆధారం ఉంది. "వాళ్లు కావాలనే మాకు విషం తాగిస్తున్నారు": ఇది ఎదుటివాడి మనసులోని ఉద్దేశం గురించిన ఆరోపణ.

356 కింద "నిజం, ప్రజాహితం" అన్న మొదటి మినహాయింపు చాలా గట్టిది. కానీ మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం నిందితుడి మీదే. నీళ్లు నిరూపించగలం. ఉద్దేశం నిరూపించలేం. నాలుగో వాక్యం తీసేసి వీడియో మళ్లీ పెట్టమని సలహా ఇచ్చాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరూ నోరు మూసుకోమనే అంటున్నారా సార్?" అన్నారు.

ఆ ప్రశ్న తగలాల్సిన చోటే తగిలింది. ఏం జవాబివ్వాలో నాకు వెంటనే తోచలేదు. సవరణ వేరు, క్షమాపణ వేరు అని చెప్పాను. సవరణ తర్వాత మీ మాట ఇంకా మీదే, క్షమాపణ తర్వాత వాళ్లది అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మా అత్తగారికి చర్మం పగిలి నెత్తురు వస్తుంటే నాకు ఉద్దేశాలే కనబడతాయి," అన్నారు. రెండు రోజులు ఆలోచించుకోమన్నాను. మూడో రోజు ఆవిడే ఫోను చేసి ఇలా రాసి చదివి వినిపించారు: "కంపెనీకి ఈ సంగతి మూడుసార్లు రాతపూర్వకంగా చెప్పాం. జవాబు రాలేదు." మూడు ఉత్తరాల అక్నాలెడ్జ్‌మెంట్లూ ఆవిడ దగ్గర ఉన్నాయి. నాకు ఆ సంగతే తెలియదు. "విషం" అన్న మాటకంటే ఈ రెండు వాక్యాలు వందరెట్లు బరువైనవి, పైగా ఎవరూ కదిలించలేనివి. సలహా నేను ఇచ్చాను, మందు ఆవిడ కనిపెట్టారు.

అయిదు కోట్ల నోటీసు

లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. చదువుకున్నవాళ్లు కూడా ఎర్ర సీలు చూడగానే తీర్పు వచ్చేసిందని బెంబేలెత్తుతారు. నోటీసులో అంకె ఎంతైనా వేయవచ్చు, కాగితం ఖర్చే. సివిల్ దావా వేయాలంటే మాత్రం అడిగిన పరిహారం పెరిగేకొద్దీ కోర్టు ఫీజు పెరుగుతుంది. అందుకే కోట్ల నోటీసుల్లో చాలా తక్కువ దావాలుగా మారతాయి. అవతలివాళ్లు వేసినా, ప్రచురించిన రోజు నుంచి ఏడాది లోపే వేయాలి.

జవాబు రెండున్నర పేజీలు రాశాను. ల్యాబ్ రిపోర్టు, మూడు ఉత్తరాల నకళ్లు జత చేశాను. చివర్లో మేమే రెండు అడిగాం: పరిశ్రమ నడపడానికి తీసుకున్న అనుమతి పత్రం, గత ఏడాది వ్యర్థజలాల పరీక్షల నివేదికలు. ఇలాంటి జవాబు దావా గనక వస్తే అందులో ఏయే కాగితాలు బయటపెట్టాల్సి వస్తుందో అవతలి వకీలుకు ముందే చెబుతుంది.

దాంతోపాటు జిల్లా కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద కేవియట్ వేశాను. దీన్ని చాలామంది మరచిపోతారు. దావా వేసిన రోజే, మన మాట వినకుండానే, వీడియో తీసేయమని ఇంజంక్షన్ తెచ్చుకోవడం ఇలాంటి కేసుల్లో అసలు దెబ్బ. కేవియట్ 90 రోజులు మనల్ని వినకుండా ఉత్తర్వు రాకుండా కాపాడుతుంది. 2024 మార్చి 22న బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా అలాంటి ఏకపక్ష ఉత్తర్వునే పక్కన పెట్టింది. విచారణకు ముందే రాతను తొలగించమంటే చర్చ మొదలవకముందే ఊపిరి ఆపేసినట్టవుతుందన్నది అందులోని సారం. ఇంగ్లండులో 1891 నాటి బొనార్డ్ కేసు నుంచి వస్తున్న సూత్రం ఇది.

90 రోజులు గడిచాయి. దావా రాలేదు. కేవియట్ మళ్లీ వేశాం.

నేను చేసిన పొరపాటు

కేసు తీసుకున్న రోజే ప్రతి వకీలూ చెప్పేదే నేనూ చెప్పాను: "ఈ విషయం ఎవరితోనూ మాట్లాడకండి." అలవాటుగా వచ్చేసిన మాట. ఆవిడ అక్షరాలా పాటించారు. మొదటి వీడియో దించేసి, సవరించినదాన్ని కూడా నేను సరేననేదాకా ఆపి ఉంచారు. నేను నోటీసు జవాబు, కేవియట్ హడావిడిలో నాలుగు వారాలు దాన్ని పట్టించుకోలేదు.

ఆ నాలుగు వారాల్లో కాలనీలో కథ తయారైంది. టీచరమ్మ డబ్బు తీసుకుని సర్దుకుందన్నారు. స్టేషనుకు వెళ్లొచ్చాక వీడియో కనబడకపోవడం ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. వీడియోలో మాట్లాడిన ఆరుగురిలో నలుగురు, మా పేరు ఎక్కడా రానివ్వవద్దని ఆవిడకు మెసేజీలు పెట్టారు. షేర్ చేసినవాళ్లు ఒక్కొక్కరే తీసేశారు. కంపెనీ సాధించలేనిది నా ఒక్క వాక్యం నెలలో సాధించిపెట్టింది.

నోరు విప్పకూడదన్న సలహా దొంగతనం కేసులో, హత్య కేసులో క్లయింటును కాపాడుతుంది. మాట్లాడినందుకే పడిన కేసులో అదే సలహా అవతలివాడి తరఫున పనిచేస్తుంది. ఇప్పుడు ఇలాంటి క్లయింట్లకు వేరేలా చెబుతున్నాను: ఏం మాట్లాడాలో కలిసి కూర్చుని రాసుకుందాం, రాసుకున్నది మానకుండా మాట్లాడండి.

జూన్ చివర్లో సవరించిన వీడియో పెట్టారు. దాని కింద మేమిద్దరం కూర్చుని రాసిన ఆరు వాక్యాలు ఉన్నాయి: నోటీసు వచ్చింది, జవాబిచ్చాం, డబ్బు తీసుకోలేదు, రిపోర్టు ఇదీ, ఉత్తరాలు ఇవీ, నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

అప్పటికే ఇంకో దెబ్బ తగిలింది. జూన్ రెండో వారంలో స్కూళ్లు తెరిచాక "ఈ ఏడాది సైన్సుకు వేరేవాళ్లను పెట్టుకున్నాం" అని చెప్పారు. కారణం రాసివ్వలేదు. ఏటా కొత్తగా రాసుకునే ఒప్పందం కాబట్టి రాసివ్వాల్సిన పనీ లేదు. 19వ అధికరణం కింది హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని పన్నెండు నెలల కాంట్రాక్టు టీచరుకు ఉద్యోగం తిరిగి ఇప్పించే దారి నాకు దొరకలేదు. చట్టం కేసు పెట్టినవాడిని నిలదీయగలదు. కేసు పెట్టకుండా, నెమ్మదిగా తలుపు వేసేసినవాడిని ఏమీ చేయలేకపోయింది.

మెజిస్ట్రేటు ముందు

జూలైలో కంపెనీ 356 కింద ప్రైవేటు ఫిర్యాదు వేసింది. క్రిమినల్ ఫిర్యాదుకు అడిగిన కోట్ల మీద ఫీజు కట్టే పని లేదు. సివిల్‌లో ఖర్చయ్యేది ఫిర్యాదుదారుకు, క్రిమినల్‌లో తిరిగేది నిందితుడు. పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమేనని 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు కింద పనిచేస్తూనే, దాంతో నేను ఏకీభవించనని చెప్పగలను. పరువు విలువైనదే. కానీ దాన్ని కాపాడే పేరుతో వాయిదాల చుట్టూ తిప్పడమే శిక్షగా మారడం కళ్లారా చూస్తున్నాను.

కొత్త చట్టంలో మాకు పనికొచ్చిన మార్పు ఒకటి ఉంది. నాగరిక్ సురక్షా సంహిత 223 ప్రకారం ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే మెజిస్ట్రేటు నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత కోడ్‌లో ఇది లేదు. సమన్లు వచ్చాకే మన గోడు. ఈ దశలో మినహాయింపులన్నీ వాదించడం కుదరదని కొందరు సీనియర్లు అంటారు. నేను మాత్రం వాదించాను. రాతపూర్వక నివేదన, ల్యాబ్ రిపోర్టు, అక్నాలెడ్జ్‌మెంట్లు, ఎలక్ట్రానిక్ ఆధారానికి సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్‌తో మొదటి వీడియో, సవరించిన వీడియో రెండూ దాఖలు చేశాను. మొదటిదాన్ని దాచలేదు. మనమే సవరించామని ముందే చూపిస్తే సద్బుద్ధికి అంతకంటే సాక్ష్యం ఉండదు.

దీనికి సమాంతరంగా ఆవిడ సమాచార హక్కు దరఖాస్తు పెట్టారు. ఆ ప్రాంతపు భూగర్భజల పరీక్షల వివరాలు ఇవ్వాలని సంబంధిత ప్రభుత్వ కార్యాలయాన్ని అడిగారు. ముప్పయ్యో రోజున "మూడో పక్షపు వాణిజ్య సమాచారం" అని నిరాకరించారు. మొదటి అప్పీలులో ఒకే వాదన: నేల కింది నీళ్లు ఏ కంపెనీ వాణిజ్య రహస్యమూ కావు. సెప్టెంబరులో నాలుగు పేజీలు వచ్చాయి. అధికారులు తీసిన రెండు నమూనాల్లోనూ లవణాలు 2,000 దాటే ఉన్నాయి. కారణం ఏమిటో ఆ నివేదిక తేల్చలేదు. కోర్టులో దాఖలు చేసినప్పుడు ఆ మాట కూడా చెప్పాను. మాకు కారణం నిరూపించాల్సిన పని లేదు, అడగడానికి సరిపడా ఆధారం ఉందని చూపిస్తే చాలు.

కేసు నడుస్తుండగానే, 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల మీద ఎఫ్‌ఐఆర్‌లను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. పరువునష్టం ఫిర్యాదు వస్తే ఆ మనిషిని మెజిస్ట్రేటు దగ్గరికి పంపాలన్నది అందులో ఒకటి. ఇప్పుడు స్టేషనుకు రాసే ప్రతి ఉత్తరానికీ ఆ తీర్పు ప్రతి జత చేస్తున్నాను.

అక్టోబరు, నవంబరు వాయిదాలకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. డిసెంబరులో వచ్చి, ఫిర్యాదు నడపదలచుకోలేదని నాట్ ప్రెస్డ్ మెమో ఇచ్చారు. మెజిస్ట్రేటు మూడు వరుసల్లో ముగించారు. ఎవరిది తప్పో, నీళ్ల సంగతేమిటో అందులో ఏమీ లేదు.

ఆ తర్వాత

భర్త ఆ రోజు కోర్టు ఆవరణలో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. బావగారు రాలేదు. సంక్రాంతికి మాత్రం ఇంటికి వచ్చి, సాక్షి గీత ఉన్న ఆ కాగితం అసలు ప్రతి ఆవిడ చేతికిచ్చారట. ఇన్నాళ్లూ తన బీరువాలో ఉంచుకున్నారు. ఆవిడ దాన్ని నాకు పంపారు. ఫైలులో చివరి పేజీగా పెట్టాను.

ఆవిడ ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నారు. స్కూల్లో వచ్చినదానిలో సగం కూడా రాదు. వీడియో ఉంది. నీళ్లు అలాగే ఉన్నాయి. రెండోసారి ల్యాబ్ పరీక్షకు కూడా ఆవిడే డబ్బు కట్టారు.

పోయిన నెలలో ఒక ఫోను వచ్చింది. మొదటి వీడియోలో మాట్లాడి, తర్వాత పేరు తీసేయమన్న నలుగురిలో ఒకతను. "మా వీధి బోరు గురించి నేనూ ఒకటి రాశాను సార్. ఇలా పెడితే కేసవుతుందా?" అని వాట్సాప్‌లో పంపాడు. తొమ్మిది వాక్యాలు. రిపోర్టు ఫొటో జత చేశాడు. అయిదో వాక్యంలో "కావాలనే" అన్న మాట ఉంది. అదొక్కటి తీసేయమన్నాను. మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచమన్నాను.